నాలుగు వెంట్రుకల ఈగ

గోపాలయ్య కావలిగుడిసెలో పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. తల ఎడమవైపు పగిలింది. పగిలినచోట తెల్లటి పురుగులు మెసులుతున్నాయి.

సోమవారం, మిట్టమధ్యాహ్నం. శనివారం పొద్దుగూకే వేళ పట్టుకున్న వాన ఆ తెల్లవారుజామునే విడిచింది. ఉదయగిరి కొండ మాత్రం ఇంకా మబ్బులోంచి బయటపడలేదు.

ఇన్‌స్పెక్టరు వెంకటరమణయ్య గుడిసెలోకి వచ్చాడు. బయటికి వెళ్ళాడు. మళ్ళీ లోపలికి వచ్చాడు. ఆ మనిషికి కాలు నిలవదు. కుర్చీ వేస్తే దానిచుట్టూ తిరుగుతాడే గానీ అందులో కూర్చోడు. కానిస్టేబుళ్ళు ఆయన వెనకాల నవ్వుకుంటారు. ఎదురుగా ఉన్నప్పుడు పరుగులు తీస్తారు.

"ముందుగా చూసిందెవరు?"

"నేనే అయ్యా. తమ్ముణ్ణి. పెంచలయ్యను."

బక్కపలచని మనిషి. భుజాన గొంగడి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎప్పుడు చూశావు?"

"ఇంతకుముందే. వాన వెలిసినాక అన్నను చూసిపోదామని వచ్చినాను. చూస్తే ఇట్లా ఉండాది. వంక దాటుకొని ఊళ్ళోకి పరిగెత్తినాను."

"నువ్వెక్కడ ఉంటున్నావు?"

"మర్రిపాడు దారిలో, బీళ్ళల్లో. వారం బట్టి మందతో అక్కడే ఉండాను."

"వంకకు ఈ పక్కేనా?"

"ఈ పక్కే."

"మీ అన్నను ఆఖరుసారి ఎప్పుడు చూశావు?"

"శుక్రవారమయ్యా. జొన్నచేను కావలికి ఒక్కడే ఉండాడు."

శవ పంచనామాకు పిలిపించిన పెద్దమనుషులు ముగ్గురూ శవం దగ్గరకు వంగారు. వాళ్ళలో పెద్దవాడు పురుగులకేసి ఒక్క చూపు చూసి లేచాడు.

"శనివారం సాయంత్రం పోయినాడయ్యా. అనుమానమే లేదు."

"ఎట్లా చెప్తావు?"

"పురుగును బట్టి. గొర్రెకు పుండైతే మేం చూడమా? ఈగ వాలాల. గుడ్డు పెట్టాల. గుడ్డు పగలాల. దానికొక దినం. పురుగు ఇంతలావు కావాలంటే ఇంకో దినం."

మిగతా ఇద్దరూ తలూపారు. గొర్రెల పుండ్లు కడిగి, వేపాకు నూరి కట్టి, బతుకంతా అదే పనిలో ముసలివాళ్ళైనవాళ్ళు. పురుగును చూసి పుండు వయసు చెప్పమంటే ఆ మెట్ట పల్లెల్లో ఎవరైనా చెబుతారు. ఆ మాట మీద ఎద్దులను కొంటారు, ఆ మాట మీద గొర్రెలను వదులుకుంటారు.

"గుడ్లు గూడా ఉండాయయ్యా," అన్నాడు పెంచలయ్య. గొంగడి అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. "నేను వచ్చేతలికి తలవెంట్రుకల్లో తెల్లగా, నూకల మాదిరి, కుప్పగా ఉండాయి. చూడలేకపోయినాను. నా చేత్తోనే దులిపి పారేసినాను."

వెంకటరమణయ్య వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

అప్పుడే తల్లి వచ్చింది. కామాక్షమ్మ. మోకాలిలోతు వంకనీళ్ళలో ఇద్దరు పట్టుకుని దాటించారు. వస్తూనే కొడుకు కాళ్ళ మీద పడింది.

"వెంగయ్యే! ఆ తోలుపని వెంగయ్యే నా బిడ్డను పొట్టన పెట్టుకున్నాడయ్యా! నా కళ్ళారా చూసినాను!"

"ఏం చూశావమ్మా?"

ఏడుస్తూనే చెప్పింది. శనివారం సాయంత్రం కొడుక్కి సద్దికూడు తెచ్చింది. గుడిసె ముందర రోగమొచ్చిన గొర్రె ఒకటి చచ్చిపడి ఉంది. గోపాలయ్య వెంగయ్యను పిలిపించాడు. చచ్చినదాన్ని ఈడ్చుకుపోవడం, తోలు తీసుకుని మాంసం వండుకోవడం వెంగయ్య ఇంటివాళ్ళకు తాతలనాటి నుంచి వస్తున్న పని. కానీ వెంగయ్య ఆ వేసవిలోనే బాప్తిస్మం తీసుకున్నాడు. చచ్చిన గొడ్డును తినను, దాని జోలికి పోను అని పదిమందిలో మాట ఇచ్చాడు.

"చెప్పులు కుట్టమంటే కుడతాను, దీన్ని మాత్రం ముట్టనన్నాడు. నా బిడ్డ కోప్పడినాడు. నాలుగు మాటలన్నాడు. దానికి వాడేమన్నాడో తెలుసునా? ఇంకోసారి పిలిస్తే నువ్వూ దాని పక్కనే పడుంటావు అన్నాడు!"

"తర్వాత?"

"మబ్బు ముంచుకొస్తా ఉండాది. నేను ఇంటికి పోయినాను. వాళ్ళిద్దరూ ఇక్కడే ఉండారు. ఆ వెనకే వంక పొంగింది."

వంక పొంగితే అటువాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే. ఆదివారమంతా పొంగుతూనే ఉంది. చచ్చిన గొర్రెను గోపాలయ్య తనే ఒడ్డుకు లాగి ఉంటాడు, వరదలో కొట్టుకుపోయింది.

ఇంకేం కావాలి? తిట్టుకున్నారు. బెదిరించాడు. పురుగు శనివారమే అంటోంది. వెంగయ్య ఊళ్ళో లేడు.

వెంకటరమణయ్య మాత్రం నెల్లూరు సెషన్సు కోర్టులో వకీళ్ళ చేతిలో ఒకసారి బాగా దెబ్బతిన్నవాడు. గాయం కుడిపక్కా ఎడమపక్కా అని అడిగి అడిగి అప్పుడు ఆయన చేత నీళ్ళు తాగించారు. అందుకే కోట కింద డేరా వేసుకున్న ఫోటోగ్రాఫరుకు కబురు పెట్టాడు.

ఫోటోగ్రాఫరు పేరు నారాయణయ్య. చెన్నపట్నం మనిషి. ఉదయగిరి కోట పటాలు తీయడానికి వచ్చి వానకు చిక్కుకున్నాడు. వస్తూనే ముక్కు మూసుకున్నాడు.

"కోట దర్వాజా కోసం దాచుకున్న గాజు పలక అండీ ఇది! శవాలకు వాడమంటారా?"

"దగ్గరగా తియ్యి. తల, గాయం, చుట్టూ నేల. అన్నీ స్పష్టంగా రావాల."

"వెలుతురేదీ?"

కప్పు మీది బోదగడ్డి ఒక పక్క పీకించారు. నారాయణయ్య నల్లగుడ్డలో తల దూర్చాడు, తీశాడు, మందు పూసిన పలకను తడి ఆరకముందే పెట్టెలో తోశాడు. ఎవరూ కదలొద్దని అరిచాడు. శవం ఎట్లాగూ కదలదు. ఈగలు మాత్రం ఆయన మాట వినలేదు.

సాయంత్రానికి గోపాలయ్యను పూడ్చిపెట్టారు. మర్నాడు ఆత్మకూరులో వెంగయ్యను పట్టుకున్నారు. మేజిస్ట్రేటు గారి మకాం కూడా ఆ వారం ఆత్మకూరే. శుక్రవారం విచారణ. ఆ పైన నెల్లూరు సెషన్సు. ఆ పైన ఉరికొయ్య.

బుధవారం పొద్దున స్టేషను ముందర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. కాళ్ళు మోకాళ్ళ దాకా బురద. వెంగయ్య భార్య, రెబెకమ్మ. ఆత్మకూరు నుంచి నడిచి వచ్చింది.

"నా మొగుడు చంపలేదయ్యా."

"అందరి పెళ్ళాలూ అదే చెప్తారు."

"ఆదివారం ప్రార్థనకని శనివారం వానలోనే బయల్దేరినాం. తెల్లారేతలికి ఆత్మకూరు చేరినాం. ఆదివారం ప్రార్థనలో ఉండాం. సోమవారం మా చిన్నాయన ఇంటి గోడ కూలితే ఎత్తి కట్టినాడు. పేటంతా చూసినారు."

"ఆదివారం, సోమవారం ఎవరడిగారమ్మా? మనిషి పోయింది శనివారం. మీరు బయల్దేరకముందే."

"శనివారమని ఎవరు చెప్పినారు?"

"పురుగు చెప్పింది."

రెబెకమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఇన్‌స్పెక్టరు గదా అన్న భయం లేదు.

"పురుగు మాట నమ్మి నా మొగుణ్ణి ఉరి తీస్తారా అయ్యా? ఆయన కోపిష్టి. నిజమే. ఆ మాట అన్నాడు. అదీ నిజమే. మాట తప్పి చచ్చినదాన్ని ముట్టుకునుంటే ఈ పొద్దు ఇంట్లో ఉండేవాడు. మాట మీద నిలబడినందుకు చంపుతారా?"

వెంకటరమణయ్య పొమ్మన్నాడు. ఆమె పోలేదు. వసారాలో చూరు కింద కూర్చుంది. ఆయన అటు వెళ్తే చూస్తుంది, ఇటు వస్తే చూస్తుంది. అన్నం ముందు కూర్చున్నాడు, రెండు ముద్దలు తిని లేచాడు. రెండు కాగితాలు రాశాడు, చింపేశాడు. ఛీ! పురుగు మాట అంట! చివరికి తలపాగా చుట్టుకుని కోట కిందికి నడిచాడు. వెనకాల రెబెకమ్మ.

నారాయణయ్య సామాను సర్దుకుంటున్నాడు.

"నా గాజు పలక తియ్యి," అన్నాడు వెంకటరమణయ్య. "నేను చూడాల."

నారాయణయ్య విసుక్కుంటూనే పలక తీసి నల్లగుడ్డ మీద పరిచాడు. వెనక నలుపు ఉంటే బొమ్మ సూటిగా కనిపిస్తుంది. గోపాలయ్య మొహం. గాయం. చుట్టూ గడ్డకట్టిన నెత్తురు. మొహం మీద మసక మసక మచ్చలు.

"ఇవేంది?"

"ఈగలండీ. కదిలాయి గదా, చెదిరిపోయాయి. ఇదిగో, ఇదొక్కటి నెత్తుట్లో కాళ్ళు అంటుకుని కదల్లేకపోయింది. ఎంత బాగా వచ్చిందో చూడండి. రెక్క నరాలతో సహా! దర్వాజా ఇట్లా వచ్చి ఉంటే నాకు మెడల్ ఇచ్చేవాళ్ళు."

భూతద్దం పెట్టి చూశాడు వెంకటరమణయ్య. పక్కకు తిరిగి ఉన్న ఈగ. ఒళ్ళంతా ముళ్ళలాంటి వెంట్రుకలు.

"గొర్రె పుండ్ల మీద వాలే పచ్చ ఈగేనా?"

"పటంలో పచ్చేమిటి, ఎరుపేమిటి? అంతా ఒకటే బూడిద. వీపు మీద చారలున్నాయి. కానీ ఇంటి ఈగకూ చారలుంటాయి. రంగూ చారా చూసి చెప్పేవాడు ఈగల సంగతి తెలియనివాడు." నారాయణయ్య గొంతు పెరిగింది. "చెన్నపట్నంలో ఒక డాక్టరుకు ఏడాది పొడుగునా ఈగల పటాలే తీసిపెట్టానండీ నేను. జమీందార్ల పటాలు తీయాల్సిన చేతులతో ఈగలు! ఆయనకు అదో పిచ్చి. ఒంటి మీద ఏ వెంట్రుక ఎక్కడుందో చూసి ఏ జాతో చెప్పేవాడు."

"నువ్వూ చెప్పగలవా?"

"ఏడాదిపాటు చెవిలో ఊదాడు. చెప్పలేకేం?"

పెట్టె అడుగు నుంచి మూడు కాగితపు పటాలు లాగాడు. ఒక్కో పటంలో ఒక్కో ఈగ, అరచేయంత. మొదటిదాన్ని పక్కకు నెట్టాడు.

"ఇది ఇంటి ఈగ. వెనక కాలికి పైన డొక్కలో దువ్వెన పళ్ళలాంటి వరస ఉండదు. మీ ఈగకు ఉంది. కాబట్టి ఇది కాదు. ఇక రెండోది పచ్చ ఈగ. రెక్క మొదలు చూడండి. దానికి ముందు, భుజానికి వెనక, పక్కగా చిన్న మెట్టలాంటి చోటు. బిరుసు వెంట్రుకలెన్ని?"

"రెండు."

"మూడోది. అదే చోటు."

"నాలుగు. రెండు పెద్దవి, రెండు చిన్నవి."

"ఇప్పుడు మీ శవం మీద ఈగ."

వెంకటరమణయ్య వంగాడు. ఊపిరి తగిలి గాజు మసకబారింది. తుడిచాడు. మళ్ళీ వంగాడు. ఒకటి. రెండు. పెద్దవాటి పక్కన సన్నగా ఇంకొకటి. ఇంకొకటి.

"నాలుగు. ఏమయ్యా, ఏ వెంట్రుకో విరిగిపోయి ఉంటే?"

"విరిగితే తగ్గుతాయండీ, పెరగవు!"

"సరే. ఈ మూడోదాని పేరేంది?"

"మాంసపు ఈగ. కొంచెం అసహ్యమైన జాతి లెండి. అన్ని ఈగల్లా గుడ్లు పెట్టదు."

వెంకటరమణయ్య భూతద్దం దించాడు.

"ఏమన్నావు?"

"గుడ్లు పెట్టదు. కడుపులోనే పొదుగుతుంది. బతికున్న పురుగులనే జారవిడుస్తుంది. పుట్టుకతోనే లావుగా ఉంటాయి. రెండురోజుల పచ్చ ఈగ పురుగంత."

"ఎంతసేపటికి?"

"వాలడమే ఆలస్యం. ఇంకో సంగతి. పచ్చ ఈగకు ఎండ కావాలి. ముసురు పడితే బయటికి రాదు. ఇది మాత్రం జల్లులోనూ తిరుగుతుంది. ఆ రోజు ఇదే ముందొచ్చిందంటే వింతేముంది?"

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఈ ముక్క సోమవారమే ఎందుకు చెప్పలేదయ్యా?"

"మీరు గాయం తీయమన్నారు. ఈగ సంగతి అడిగారా?"

డేరా గుమ్మంలో రెబెకమ్మ లేచి నిలబడింది. "అయితే శనివారం కాదా అయ్యా?"

"ఆగమ్మా. శనివారం కాదని ఈ ఈగ చెప్పదు. శనివారమే అని పురుగు చెప్పిన మాట మాత్రం చెల్లదు. అంతే."

ఆయన మళ్ళీ భూతద్దం తీసుకున్నాడు. పురుగు మాట పక్కన పెడితే మిగతాదంతా కొత్తగా చూడాలి. గాయం. చెవి. నేల. తల పక్కన నేల. భూతద్దం అక్కడ ఆగిపోయింది.

"దీనికి కాగితం మీద అచ్చు తీసివ్వు."

"ఎండేదీ? ఎండ లేకుండా అచ్చు రాదు. వారమైనా పట్టొచ్చు."

"అయితే పలకే తీసుకుపోదాం. నువ్వూ రా."

గురువారమంతా బండిలో గడిచింది. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా దారి దారిలా లేదు. నల్లరేగడిలో చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. నారాయణయ్య దూదిలో చుట్టిన పలకను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, బండి కుదిపినప్పుడల్లా బండివాణ్ణి తిట్టాడు. రెబెకమ్మ దిగి చక్రాలు తోసింది. వెంకటరమణయ్య దిగాడు, ఎక్కాడు, మళ్ళీ దిగాడు. "ఏందిరా ఆ నడక! పెళ్ళికి పోతున్నామా?" అని ఎద్దుల మీద కూడా కేకలేశాడు. మేజిస్ట్రేటు గారు తొందర మనిషి. పొద్దున్నే సంతకం పెట్టి వెంగయ్యను నెల్లూరు పంపించేస్తే ఆ పైన ఎవరి మాటా చెల్లదు.

శుక్రవారం వీళ్ళు వెళ్ళేసరికి కచేరీ సావడి నిండిపోయింది. సంకెళ్ళతో వెంగయ్య. ఇటు కామాక్షమ్మ, పక్కన పెంచలయ్య. వెనక పెద్దమనుషులు ముగ్గురూ. మేజిస్ట్రేటు చేతిలో కలం ఉంది.

రెబెకమ్మను చూడగానే కామాక్షమ్మ లేచింది. "వచ్చినావా? నీ మొగుడు ఉరికొయ్యకు వేలాడేది చూడను వచ్చినావా? నా కడుపు కాలినట్టే నీ కడుపూ కాలాల!"

రెబెకమ్మ తల దించుకుని వెంగయ్య వెనక నిలబడింది.

"అయ్యా, సంతకం పెట్టకముందు పెంచలయ్యను నాలుగు మాటలు అడగాలి," అన్నాడు వెంకటరమణయ్య.

"త్వరగా కానివ్వండి."

"పెంచలయ్యా. మీ అన్న తల మీద గుడ్లు చూశానన్నావు."

"చూసినానయ్యా."

"ఏ ఈగ గుడ్లు?"

"పచ్చ ఈగవి. గొర్రెలకు పెట్టేవే."

"ఎన్ని ఉంటాయి?"

"పిడికెడు."

"బాగా చూశావా?"

"నా చేత్తోనే దులిపినాను గదయ్యా."

"సరే. అక్కడే ఉండు."

నారాయణయ్య నల్లగుడ్డ పరిచి పలక పెట్టాడు. పక్కన పచ్చ ఈగ పటం, మాంసపు ఈగ పటం. మేజిస్ట్రేటు వంగి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. పెద్దమనుషుల్లో పెద్దవాణ్ణీ పిలిచారు. అతను కళ్ళు చికిలించి చూశాడు. "నాలుగుండాయి," అని వెనక్కి జరిగాడు. బతికున్న పురుగులను కనే ఈగ కథ విన్నాక మాత్రం నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఇన్నేళ్ళు గొర్రెలు కాసి ఇది తెలీకపాయె గదయ్యా! పురుగు లావు చూసి రెండు దినాలన్నాను. ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చినాను గదా!"

"అయితే ఎప్పుడు పోయినట్టు?" అన్నాడు మేజిస్ట్రేటు.

"ఇక్కడ చూడండి. తల పక్కన నేల. వరసగా గుంటలు కనిపిస్తున్నాయా?"

"ఉన్నాయి. చిన్నచిన్నవి."

"కప్పు కారిన చోట్లు. చినుకు పడీ పడీ మట్టినేల గుంటలు పడింది. వాటి నిండా ఏముంది?"

మేజిస్ట్రేటు భూతద్దం ఇంకా కిందికి దించాడు. "నెత్తురు. గడ్డకట్టి ఉంది. పైన నున్నగా."

"నున్నగా. ఒక్క చినుకు పడిన గుర్తు లేదు. శనివారం పోయుంటే ఆదివారమంతా ఆ కప్పు కారింది గదా, నెత్తురు కొట్టుకుపోవాలి, లేదా చిల్లులు పడాలి. ముందు వాన గుంటలు తవ్వింది. వాన ఆగింది. ఆ తర్వాత గుంటల్లోకి నెత్తురు పారింది. అంటే గోపాలయ్య పోయింది సోమవారం తెల్లవారాక. ఆ పలక మీద ఇదంతా మొదటినుంచీ ఉంది. పురుగు మాట నమ్మి నేనూ చూడలేదు. అది నా తప్పే."

ఆయన బల్లచుట్టూ ఒకసారి తిరిగాడు.

"సోమవారం పొద్దున వెంగయ్య ఈ ఊళ్ళో గోడ కడుతున్నాడు. పేటంతా చూసింది. పొద్దెక్కి తగ్గేదాకా వంక పొంగే ఉంది, మా ఊరివాళ్ళెవరూ దాటలేరు. గుడిసె ఉన్న ఒడ్డున మిగిలింది ఒక్కడే."

అందరి తలలూ ఒక్కసారిగా అటు తిరిగాయి. పెంచలయ్య గోడకు ఆనుకున్నాడు.

"పెంచలయ్యా. ముసురులో పచ్చ ఈగ రాదు. వచ్చిన ఈగకు గుడ్లే ఉండవు. నువ్వు పిడికెడు దులిపానన్నావు. గొర్రెలకాపరివి గదా, పురుగు ఉంటే గుడ్డు ఉండి తీరాలనుకున్నావు. పురుగులు చూసి నీకే ఆశ్చర్యమేసి ఉంటుంది. పెద్దమనుషులు శనివారం అనగానే ప్రాణం లేచొచ్చింది. ఆ మాట గట్టిపడాలని లేని గుడ్లు చెప్పావు."

"అబద్ధం!" అన్నాడు పెంచలయ్య.

కామాక్షమ్మ చిన్నకొడుకు వంక చూసింది. వాడు చూపు తిప్పుకున్నాడు. ఆమె మెల్లగా లేచి బల్ల దగ్గరకు వచ్చింది.

"అయ్యా, దాంట్లో నా పెద్దబిడ్డ మొహం ఉండాదంట గదా. ఒక్కసారి చూస్తాను. మట్టి వేసేటప్పుడు సరిగ్గా చూడలేదు."

నారాయణయ్యకు కళ్ళు చెమర్చాయి. పలకను నల్లగుడ్డతో సహా ఆమె చేతుల్లో పెట్టాడు.

ఆమె చూసింది. వేలితో గాజు మీద నుదురు నిమిరింది. తర్వాత రెండు చేతులా పైకెత్తి రాతి గడప మీద కొట్టింది.

"అయ్యో అయ్యో అయ్యో!" అని నారాయణయ్య నేల మీద పడ్డాడు.

కామాక్షమ్మ ముక్కల మీదే కూలబడి వాటిని అరచేతులతో నలుపుతోంది. గాజు పొడిపొడి కావాలి. ఈగ మిగలకూడదు. గుంటలు మిగలకూడదు. చేతులు తెగి నెత్తురు కారుతున్నా ఆపడం లేదు. కానిస్టేబులు పట్టుకోబోతే తోసేసింది.

"ఏదయ్యా? ఇంకేముండాది నీ దగ్గర? చూపించు! వాణ్ణి గూడా తీసకపోతావా? చూపించు!"

వెంకటరమణయ్య ముక్కల మీదికి వంగి చూశాడు. ఇంకో అచ్చు లేదు. మేజిస్ట్రేటు కలం కింద పెట్టాడు. "నేను చూసినదానికి నేనే సాక్ష్యం చెప్పుకోలేను, ఇన్‌స్పెక్టర్. సెషన్సుకు ఏం పంపుతాం?" అన్నాడు. రెబెకమ్మ వెంగయ్య చొక్కా గట్టిగా పట్టుకుంది. చేతికందిన ప్రాణం మళ్ళీ జారిపోతోంది.

"అమ్మా. వదులు."

పెంచలయ్య తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె అరచెయ్యి తెరిచి గాజుముక్కలు ఒక్కొక్కటే పీకుతున్నాడు.

"మాట్లాడొద్దురా! నాయనా, నీకు దండం పెడతా, మాట్లాడొద్దు!"

"చాలమ్మా. నేనే కొట్టినాను."

మేజిస్ట్రేటు గబగబా అన్నాడు: "నువ్వు చెప్పాల్సిన అవసరం లేదు. చెబితే నీ మీదికే వస్తుంది. తెలుసునా?"

"తెలుసయ్యా." వాడు తల్లి చెయ్యి వదల్లేదు. "పోయినేడు కరువులో నా బిడ్డ ఆకలికి పోయినాడు. మూడేళ్ళోడు. ఒక్క గొర్రెను అమ్ముకుంటానంటే మా అన్న ఒప్పుకోలా. మంద తగ్గితే మళ్ళీ రాదన్నాడు. సరేలే, అన్న గదా అని ఊరుకున్నాను. సోమవారం వాన వెలిసినాక పోయి, వరదలో ఒక గొర్రె కొట్టకపోయిందని చెప్పినాను. తిట్టినాడు. తిడితే పడతానయ్యా. కానీ ఏమన్నాడో తెలుసునా? బిడ్డ పోతే ఇంకో బిడ్డను కంటావు, గొర్రె పోతే ఎవరిస్తారురా అన్నాడు. చేతిలో కర్ర ఉండాది. అంతే. ఒకే దెబ్బ. మళ్ళీ లేపినాను. లెయ్యలేదు."

వెంగయ్య సంకెళ్ళు తీశారు. మణికట్లు రుద్దుకుంటూ అయోమయంగా నిలబడ్డాడు. అవే సంకెళ్ళు పెంచలయ్యకు వేశారు. వెంకటరమణయ్య ఎవరి మొహమూ చూడకుండా కిటికీ దగ్గరకు వెళ్ళాడు. గెలిచిన సంతోషం వెతుక్కున్నా దొరకలేదు.

రెబెకమ్మ పైట చెంగు చింపి కామాక్షమ్మ చేతికి కట్టబోయింది. ముసలామె చెయ్యి వెనక్కి లాక్కోలేదు. తల ఎత్తి చూసింది. తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

"నీ మొగుడే చంపుంటే బాగుండేది గదమ్మా. నాకు ఒక్క కొడుకన్నా మిగిలేవాడు."

రెబెకమ్మ కట్టు ముడి వేసి లేచింది. మొగుడి చెయ్యి పట్టుకుని సావడి మెట్లు దిగింది.